అది అలక కాదు: ఊరి నుంచి తిరిగొచ్చాక మీ పిల్లి

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవాళ్లకు వినిపిస్తోంది కదా? సరే, మొదలుపెడతాను.

ఇక్కడున్న మీలో చాలామంది ఇళ్లలో పిల్లులున్నాయి కాబట్టి నేను చెప్పబోయేది మీకు కొత్త కాదు. పది రోజులు ఊరెళ్లారు. తిరుగు ప్రయాణంలో దారి పొడవునా పిల్లి మీదే ధ్యాస. ఇంటికొచ్చి తాళం తీశారు, చెప్పులైనా విప్పకుండా పేరు పెట్టి పిలిచారు. పిల్లి వచ్చింది. రెండు మూడు అడుగుల దూరంలో ఆగి మిమ్మల్ని చూసింది. తర్వాత అటు తిరిగి, మీకు వీపు పెట్టి కూర్చుంది. మీ గుండె జారిపోయింది.

అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు అంటారు, "అలిగింది" అని. నేను ఇన్నేళ్లలో వెళ్లిన ప్రతి ఇంట్లోనూ ఈ మాట విన్నాను. ముద్దుగా ఉంటుంది, ప్రేమతోనే అంటారు. కానీ ఈ ఒక్క మాట వల్ల పిల్లులు చాలా ఇబ్బంది పడుతున్నాయి. అది చెప్పడానికే ఈ రోజు వచ్చాను.

చూడండి, మన భాషలో కోపం వేరు, అలక వేరు. కోపం వచ్చినవాళ్లను కాసేపు వాళ్ల మానాన వదిలేస్తాం. అలిగినవాళ్లను అలా వదిలేయం. దగ్గరికెళ్లి బుజ్జగిస్తాం, ఎందుకంటే అలిగినవాళ్లు దాని కోసమే ఎదురుచూస్తుంటారని మనకు తెలుసు. అందుకే పిల్లి అలిగిందని అనుకోగానే మన చేతులు వాటంతట అవే ముందుకెళ్తాయి. ఎత్తుకుంటాం, మొహం దగ్గర మొహం పెడతాం, గట్టిగా హత్తుకుంటాం, మంచం కింద దూరితే బయటికి లాగుతాం. మనం బుజ్జగిస్తున్నాం అనుకుంటాం. పిల్లికి మాత్రం, వాసన తెలియని చేతులు తనను కదలకుండా పట్టుకున్నట్టే ఉంటుంది.

నా పని గురించి ఒక్క మాట చెప్పాలి. ఊరెళ్లేవాళ్ల పిల్లులను వాళ్ల ఇళ్లకే వెళ్లి చూసుకుంటాను. రోజుకు రెండు పూటలా వెళ్తాను. గిన్నెలు కడిగి తిండి పెడతాను, నీళ్లు మారుస్తాను, పిల్లి మలమూత్రాల కోసం పెట్టే లిట్టర్ బాక్స్ శుభ్రం చేస్తాను, కాసేపు నేల మీద కూర్చుంటాను. మీరు చూసేది తిరిగొచ్చాక మొదటి పది నిమిషాలు. దానికి ముందున్న పది రోజులు చూసేది నేను. ఆ పది రోజులు తెలియకపోతే ఆ పది నిమిషాలు అర్థం కావు.

మొదటి రోజు నేను తాళం తీసేసరికి పిల్లి పరుగెత్తుకొస్తుంది. నన్ను చూసి ఆగిపోతుంది. చాలా ఇళ్లలో గుమ్మం దగ్గర వేసిన చాప మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది. అంటే నేను వచ్చేదాకా అక్కడే కూర్చుందన్నమాట. కొన్ని పిల్లులు నిజంగానే కాలుగాలిన పిల్లిలా గది గదికీ తిరుగుతాయి, పడగ్గదిలోకి వెళ్లి మంచం మీదకెక్కి చూసి దిగుతాయి, మళ్లీ వెళ్తాయి. కొన్ని అసలు కనబడవు. తిండి సగమే తింటాయి.

మూడో రోజో నాలుగో రోజో మార్పు వస్తుంది. పిల్లి ఇంటిని మళ్లీ సర్దుకుంటుంది. మీరు పడుకునే వైపు దిండు తనదవుతుంది. ఎప్పుడూ ఎక్కనివ్వని కుర్చీ తనదవుతుంది. ఇంట్లో చప్పుడు లేదు, టీవీ లేదు, రాత్రి పదకొండు దాకా వెలిగే లైట్లు లేవు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తలుపు తెరుచుకుంటుంది, తిండి వస్తుంది, తలుపు మూసుకుంటుంది. ఇది మీరున్నప్పటి జీవితం కాదు, కానీ ఇందులోనూ ఒక క్రమం ఉంది. దాన్ని పట్టుకుని పిల్లి కుదుటపడుతుంది.

సరిగ్గా అప్పుడు మీరొస్తారు. నలుగురు మనుషులు, ఆరు సంచులు, చక్రాల చప్పుడు, అన్ని గదుల్లోనూ లైట్లు, అందరూ ఒకేసారి పిలవడం. మీరు వెళ్లడం దానికి మొదటి మార్పు. మీరు రావడం రెండో మార్పు. మనం తిరిగి రావడాన్ని పరిష్కారం అనుకుంటాం. పిల్లికి మాత్రం, కష్టపడి కుదుర్చుకున్న ఇల్లు ఇంకోసారి తలకిందులైంది.

ఇది నా ఊహ కాదు. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో 32 పిల్లులను 77 వారాల పాటు గమనించి, 2011లో ఆ పరిశీలనను ప్రచురించారు. వాటిలో మూత్రాశయ సమస్య ఉన్నవీ ఉన్నాయి, పూర్తి ఆరోగ్యంగా ఉన్నవీ ఉన్నాయి. చూసుకునే మనిషి మారడం, తిండి వేళ మారడం లాంటివి జరిగిన వారాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లులు కూడా తిండి తగ్గించాయి, లిట్టర్ బాక్స్ బయట మలమూత్రాలు పోశాయి. రోగం లేదు, రోజువారీ క్రమం చెదిరింది, అంతే. మన ఇంటి పిల్లికి పూర్వీకుడు ఆఫ్రికా అడవిపిల్లి. అది గుంపులో కాదు, ఒంటరిగా వేటాడే జంతువు. ప్రమాదం వస్తే తోటివాళ్లు కాపాడతారన్న భరోసా దానికి లేదు. తన చోటు నిన్న ఎలా ఉందో ఈ రోజూ అలాగే ఉండటమే దాని భరోసా.

ఇప్పుడు వాసన దగ్గరికొద్దాం. నా దృష్టిలో అసలు విషయం ఇదే. అందుకే కొంచెం నిదానంగా చెబుతాను.

పిల్లి మీ కాళ్లకు బుగ్గలు రాసుకుంటుంది కదా. దాని బుగ్గల మీద, గడ్డం కింద, నుదుటి మీద, తోక మొదట్లో వాసన గ్రంథులున్నాయి. ఆ రాసుకోవడంలో తన వాసనను మీకు పూస్తుంది. సోఫా అంచుకు, తలుపు మూలకు, మీ కాలికి, అన్నింటికీ ఒకే ముద్ర. ఆ ముద్ర ఉన్నంత మేరా తన ఇల్లు. రోజూ కొంచెం చెరుగుతుంది, రోజూ మళ్లీ పూస్తుంది. మీరు పది రోజులు బయట ఉన్నారు. రోజూ స్నానం చేశారు, వేరే సబ్బు వాడారు, వేరే పక్కల మీద పడుకున్నారు, ఎవరింట్లోనో కుక్కను నిమిరారేమో కూడా. పిల్లి మీ మీద వేసిన ముద్ర పూర్తిగా పోయింది. మొహం మీదే, గొంతు మీదే, వాసన మాత్రం సగం మీది, సగం ఎవరిదో. దూరంగా ఆగి చూడటం అందుకే.

2025లో టోక్యో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు 30 పిల్లులతో ఒక ప్రయోగం ప్రచురించారు. యజమాని చంకలో, చెవి వెనక, కాలివేళ్ల మధ్య తుడిచిన దూదిని ఒక గొట్టంలో పెట్టారు. తెలియని మనిషిది ఇంకో గొట్టంలో, వాసన లేనిది మూడో గొట్టంలో. పిల్లులు తెలియని మనిషి వాసననే ఎక్కువసేపు పీల్చాయి. తెలిసినదాన్ని కాసేపట్లోనే వదిలేశాయి. అంటే వాసనతో మనుషుల మధ్య తేడా పసిగడతాయి, కొత్త వాసన అయితే చదవడానికి సమయం తీసుకుంటాయి. ఈసారి ఊరి నుంచి వచ్చాక మీ పిల్లి మీ చెప్పుల దగ్గర ఐదు నిమిషాలు ముక్కు పెట్టి ఉంటే అది మిమ్మల్ని పట్టించుకోవడం లేదని అనుకోకండి. మీరు ఎక్కడెక్కడ తిరిగారో చదువుతోంది. మధ్యలో తలెత్తి, నోరు కొంచెం తెరిచి, వెగటు పుట్టినట్టు మొహం పెడుతుంది చూశారా? నాకు చాలామంది ఫోటోలు పంపి "మమ్మల్ని అసహ్యించుకుంటోంది" అని బాధపడ్డారు. కాదు. పిల్లి అంగిట్లో వాసనలు పట్టే ఇంకో అవయవం ఉంది. వాసనను అక్కడికి చేర్చడానికే ఆ మొహం.

చదవడం పూర్తయ్యాక ఏం చేస్తుందో గమనించండి. సూట్‌కేస్ మూలకు బుగ్గ రాస్తుంది. తర్వాత మీ మడమకు. ఆ తర్వాత మోకాలికి. చెరిగిపోయిన ముద్రను మళ్లీ వేస్తోంది. నాకు తెలిసినంతలో ఆ ఇంట్లో మీకు దక్కే అసలైన స్వాగతం అదే. గుమ్మంలో కాకుండా రెండు గంటల తర్వాతో, మర్నాడు ఉదయమో దక్కుతుంది. కొన్నింటికి మూడు నాలుగు రోజులు పడుతుంది.

ఇక వీపు పెట్టి కూర్చోవడం. ఈసారి వీపు చూడకండి, చెవులు చూడండి. మీరు మాట్లాడుతుంటే చెవులు వెనక్కి, మీ వైపు తిరిగి ఉంటాయి. 2013లో జపాన్ పరిశోధకులు 20 పిల్లులకు వాటి ఇళ్లలోనే, తెలియనివాళ్లు పేరు పెట్టి పిలిచిన గొంతులూ యజమాని పిలిచిన గొంతూ వినిపించారు. యజమాని గొంతును పిల్లులు గుర్తుపట్టాయి. అయితే ఎలా తెలిసింది? చెవులు కదిలాయి, తల తిరిగింది. లేచి రావడం, అరవడం, తోక ఊపడం దాదాపు లేదు. వినడానికీ రావడానికీ మధ్య పిల్లికి కొంత వ్యవధి ఉంటుంది. పైగా పరిచయం లేనివాళ్లకు, భయపెట్టేవాళ్లకు పిల్లి మామూలుగా వీపు చూపించదు. మీకు వీపు పెట్టి కూర్చుందంటే మీ వైపు నుంచి ప్రమాదం లేదని దానికి తెలుసు.

పిల్లికి మనుషుల మీద బంధం ఉంటుందా, లేక తిండి మీదేనా? ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారు, నేనే ముందు చెప్పేస్తాను. దీని మీద పరిశోధకులే రెండు రకాలుగా అన్నారు. 2015లో ఇంగ్లండ్‌లోని లింకన్ విశ్వవిద్యాలయం వాళ్లు 20 పిల్లులను చూసి, చంటిపిల్లలు తల్లిని భద్రతకు ఆధారం చేసుకున్నట్టు పిల్లులు యజమానిని చేసుకోవని రాశారు. 2019లో అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకో విధంగా పరీక్షించారు. కొత్త గదిలో రెండు నిమిషాలు యజమానితో, రెండు నిమిషాలు ఒంటరిగా, మళ్లీ రెండు నిమిషాలు యజమానితో. వాళ్లు వర్గీకరించగలిగిన 70 కూనల్లో 64.3 శాతం, 38 పెద్ద పిల్లుల్లో 65.8 శాతం యజమాని రాగానే కుదుటపడ్డాయి. ఒకసారి వచ్చి రాసుకుని, తిరిగి గదిని చూసే పనిలో పడ్డాయి. ఇది గుర్తుపెట్టుకోండి. బంధం గట్టిగా ఉన్న పిల్లి మీకు అతుక్కుపోదు. మీరున్నారని చూసుకుని తన పని తాను చేసుకుంటుంది. మిగిలినవి కొన్ని మనిషిని వదల్లేదు, కొన్ని దూరంగా ఉండిపోయాయి. స్వీడన్‌లో 14 పిల్లులతో చేసిన మరో పరిశీలన 2017లో వచ్చింది. అరగంట ఒంటరిగా ఉన్నప్పటి కంటే నాలుగు గంటలు ఉన్నాక యజమాని వస్తే పిల్లులు ఎక్కువగా గురగురలాడాయి, ఒళ్లు విరుచుకున్నాయి. మీరు లేని కాలం ఎంతో పిల్లికి పట్టింపు ఉంది. నాలుగు గంటలకూ పది రోజులకూ పోలిక లేదు, నిజమే. కానీ నేను ఇళ్లలో చూసేదాంతో ఇది సరిపోతుంది.

అందరి పిల్లులూ దూరం జరగవు. కొన్ని వచ్చిన క్షణం నుంచీ అరుస్తూనే ఉంటాయి. బాత్రూమ్ దాకా వెంటపడతాయి, రాత్రి మూడింటికి లేపుతాయి. ఎదిగిన పిల్లులు ఒకదానితో ఒకటి మ్యావ్ అనడం చాలా తక్కువ. ఆ అరుపు ఎక్కువగా మనుషుల కోసమే. ఇలాంటి పిల్లిని గదమాయించకండి. మీరు మళ్లీ వెళ్లిపోతారేమోనని చూసుకుంటోంది. వేళకు తిండి, వేళకు ఆట, వేళకు లైట్లు ఆర్పడం మొదలైతే వారంలో చాలావరకు తగ్గుతుంది.

ఇప్పుడు కష్టమైన విషయం. పక్క మీద మూత్రం.

నాకు ఏడుస్తూ ఫోన్ చేసినవాళ్లున్నారు. వచ్చిన రాత్రే పిల్లి మంచమెక్కి, వాళ్ల కళ్లముందే దుప్పటి మీద పోసింది. "కావాలనే చేసింది, పగ తీర్చుకుంది" అన్నారు. ఒక ఇంట్లో ఆ కోపంతో పిల్లిని రెండు రోజులు బాల్కనీలో ఉంచారు. ఆ విషయం తెలిసి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, యజమాని దూరమైతే తల్లడిల్లే 136 పిల్లుల వివరాలున్నాయి. వాటిలో మూత్రం తప్పుచోట పోసిన పిల్లుల్లో 75 శాతం యజమాని పక్క మీదే పోశాయి. ఇంట్లో అన్ని చోట్లూ ఉండగా పక్కే ఎందుకు? మీ వాసన అన్నింటికంటే గాఢంగా ఉండేది అక్కడే. టెన్షన్‌లో ఉన్న పిల్లి తన వాసనను మీ వాసనతో కలుపుతోందని అనుకోవచ్చు. మనకు అది తప్పు. దానికి అది ఊరట. కొడితే, తిడితే ఆ టెన్షన్ పెరుగుతుంది, మూత్రం మళ్లీ పడుతుంది.

అయితే ఒక జాగ్రత్త. ప్రతిదాన్నీ బెంగ అని వదిలేయకూడదు. ముఖ్యంగా మగపిల్లి లిట్టర్ బాక్స్‌లోకి పదేపదే వెళ్లి ముక్కుతూ, చుక్కలు చుక్కలుగా పోస్తున్నా, అసలు రాకపోయినా, అరుస్తున్నా, మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. అది ప్రాణాల మీదికి వచ్చే స్థితి. తెల్లారేదాకా ఆగకండి, రాత్రైనా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. అలాగే ఒక రోజంతా పిల్లి ఏమీ తినకపోతే డాక్టర్‌కు ఫోన్ చేసి అడగండి. పిల్లులు, అందులోనూ లావుగా ఉన్నవి, కొన్ని రోజులు తినకుండా ఉంటే కాలేయంలో కొవ్వు పేరుకుని జబ్బు పడతాయి. "బెంగ పెట్టుకుంది, అదే తింటుందిలే" అని ఎదురుచూసి నష్టపోయినవాళ్లను చూశాను.

మరి వచ్చిన రోజు ఏం చేయాలి? తక్కువ చేయాలి. సంచులు లోపల పెట్టి, ఒకటో రెండో లైట్లు వేసి, నేల మీద కూర్చోండి. పేరు ఒకసారి మామూలు గొంతుతో పిలవండి. కళ్లలోకి కన్నార్పకుండా చూడకండి. చూసినా మెల్లగా కళ్లు మూసి తెరవండి. ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో దీన్ని పరీక్షించారు. అలా నెమ్మదిగా కళ్లార్పిన మనిషికి పిల్లులూ కళ్లు అరమోడ్చి జవాబిచ్చాయి, తెలియని మనిషి అయినా చెయ్యి చాపితే దగ్గరికి రావడానికి ఎక్కువ మొగ్గు చూపాయి. వేలు ముందుకు పెట్టి ఆగండి. ముక్కు తాకించి వెళ్లిపోతే వెళ్లనివ్వండి. తోక నిటారుగా లేపి, చివర కొంచెం వంచి వచ్చిందంటే ఇక చెప్పక్కర్లేదు, స్నేహంగా వస్తోంది. అప్పుడు కూడా ముందు బుగ్గ దగ్గరే నిమరండి, ఎత్తుకోకండి.

ఇంకొకటి. వచ్చిన రోజే ఇల్లంతా కడిగి, పిల్లి పక్కబట్టలు ఉతకాలని మనకు అనిపిస్తుంది. రెండు రోజులు ఆగండి. ఆ పది రోజులూ అది ఆధారం చేసుకున్న వాసన ఆ బట్టల్లో ఉంది. సూట్‌కేస్‌ను కూడా వెంటనే అటక మీదికి ఎక్కించకండి. మీరెక్కడికెళ్లారో దానికి తెలిసేది ఆ పెట్టె ద్వారానే. రెండు పిల్లులుండి, ఒకదాన్ని మాత్రం బయట ఎక్కడో ఉంచి తెస్తే, ఇంట్లో ఉన్నది దాన్ని కొత్త పిల్లి అనుకుని బుసకొట్టొచ్చు. తెచ్చినదాన్ని ఒక పూట వేరే గదిలో ఉంచి, దాని పక్కబట్టలు దీనికీ, దీనివి దానికీ మార్చి వేయండి.

వెళ్లేముందు సంగతి క్లుప్తంగా చెబుతాను. మీరు కట్టుకుని విడిచిన బట్ట ఒకటి ఉతక్కుండా దాని పక్క మీద వదలండి. చూసుకోవడానికి వచ్చే మనిషిని ముందే రెండు మూడుసార్లు ఇంటికి పిలవండి. వేళలు రాసిచ్చి, అవి తప్పొద్దని చెప్పండి.

ఆ మూల నుంచి ఒకరు చెయ్యెత్తారు. చెప్పండమ్మా.

(శ్రోత: కెమెరా పెట్టాం. ఊళ్లో ఉన్నప్పుడు రోజూ దాంట్లోంచి పిలుస్తాం. అది మంచిదేనా?)

చూడటానికి మంచిదే, మాట్లాడటానికి మాత్రం ఆలోచించండి. 2021లో జపాన్ పరిశోధకులు యజమాని గొంతును ఒకచోట వినిపించి, వెంటనే అక్కడికి మనిషి చేరలేనంత దూరంలో ఇంకోచోట వినిపిస్తే పిల్లులు ఆశ్చర్యపోయాయి. అంటే కనబడకపోయినా మీరెక్కడున్నారో అవి మనసులో లెక్క వేసుకుంటాయి. కెమెరాలోంచి మీ గొంతు వస్తుంది, మీరు ఉండరు, వాసన ఉండదు. ఒక ఇంట్లో ఆ కాల్ అయిపోయాక పిల్లి అల్మరా వెనక అరగంట వెతకడం నేను కూర్చుని చూశాను. మీ పిల్లి ప్రశాంతంగా ఉంటే సరే. వెతుకుతుంటే మానేయండి.

(మరో శ్రోత: మేం వచ్చి నాలుగు రోజులైంది. అయినా ఉదయం ఏడింటికి గుమ్మం దగ్గర కూర్చుని, చూసుకున్న అమ్మాయి కోసమే చూస్తోంది. మమ్మల్ని మర్చిపోయిందా?)

లేదండీ. ఏడింటికి తలుపు తెరుచుకుంటుంది, తిండి వస్తుంది అని అది నేర్చుకుంది. ఆ వేళ దాని ఒంట్లో ఇంకా ఉంది. ఏడింటికి మీరే అక్కడికెళ్లి, ఆ గిన్నెలోనే, అక్కడే తిండి పెట్టండి. ఆ వేళ మీదవుతుంది.

నాకూ ఇలాగే జరిగింది. ఒకసారి పన్నెండు రోజులు చూసుకున్నాక తాళంచెవి ఇవ్వడానికి ఆ ఇంటికెళ్లాను. నల్లమచ్చల పిల్లి అది, వాళ్లొచ్చి మూడు రోజులైనా ఎవరి దగ్గరికీ వెళ్లలేదట. నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది. ఆ ఇంటావిడ మొహం ఎలా అయిందో నేను చెప్పలేను. నేను చెయ్యి చాపలేదు, నేల మీద కూర్చున్నాను. పిల్లి నా వేళ్లు వాసన చూసింది, సంచీ వాసన చూసింది. తర్వాత మెల్లగా నడుచుకుంటూ వెళ్లి, ఒక మూలన తెరిచి ఉన్న వాళ్ల సూట్‌కేస్‌లోకి ఎక్కింది. ఇంకా ఉతకని చీర ఒకటి ఉంది అందులో. దాన్ని ముందుకాళ్లతో కాసేపు పిసికి, గుండ్రంగా చుట్టుకుని పడుకుంది. ఆవిడ వెళ్లి ఆ పెట్టె పక్కన కూర్చున్నారు. నేను తాళంచెవి బల్ల మీద పెట్టి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి వచ్చేశాను.